ఇంటి పర్మిషన్ గడువు దాటిపోయిందా? ముందు పని ఆపండి

మా ఇంటి మొదటి అంతస్తు స్లాబ్‌కి సెంట్రింగ్ అయిపోయింది, స్టీల్ కట్టేశారు, మర్నాడు పొద్దున ఆరింటికి రెడీమిక్స్ బండి రావాలి. ఆ సాయంత్రం టౌన్ ప్లానింగ్ వాళ్లు ఇద్దరు బైక్ మీద వచ్చి పర్మిషన్ కాగితం చూపించమన్నారు. నేను ధీమాగా ఫోన్‌లో పీడీఎఫ్ తెరిచి ఇచ్చాను. ఆయన రెండు వేళ్లతో పెద్దది చేసి చూసి, ఒక గడి దగ్గర ఆగి, ఫోన్ నా వైపు తిప్పాడు. పని ఏ తేదీలోపు పూర్తి చేయాలో అక్కడ రాసి ఉంది. ఆ తేదీ వెళ్లిపోయి నాలుగు నెలలైంది.

2018లో తీసుకున్న పర్మిషన్ అది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు దగ్గరి మున్సిపాలిటీలో 200 గజాల స్థలం, కింద ఒకటి పైన ఒకటి. కింద స్లాబ్ పడ్డాక డబ్బులు సర్దుబాటు కాలేదు, ఈలోపు కోవిడ్, తర్వాత నాన్నగారి ఆస్పత్రి ఖర్చులు. మళ్లీ పని మొదలుపెట్టేసరికి 2021 డిసెంబర్. సిమెంటు రేటు కనుక్కున్నాను, ఇసుక రేటు కనుక్కున్నాను, పర్మిషన్ తేదీ మాత్రం చూసుకోలేదు. మేస్త్రి పక్కకి పిలిచి, "రాత్రికి రాత్రే పోసేద్దాం సార్, పోసేశాక ఎవరొచ్చి ఏం చేస్తారు" అన్నాడు. నిజం చెప్పాలంటే ఒక పది నిమిషాలు ఆ మాట నచ్చింది కూడా. పోయలేదు. తర్వాత తెలిసింది, మొత్తం వ్యవహారంలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే అని.

ఎందుకంటే గడువులోపు, ప్లాన్ ప్రకారం కట్టిన భాగం పర్మిషన్ ఉన్న కట్టడమే. గడువు దాటాక పోసిన స్లాబ్ పర్మిషన్ లేని కట్టడం. ఈ రెండూ ఒకదాని మీద ఒకటి కలిసిపోయాయంటే రేపు ఏది ఎప్పటిదో విడదీసి చూపించలేరు. గడువు అయిపోవడం కాగితం సమస్య, దానికి ఫీజు, తిరుగుడు ఖర్చవుతాయి. గడువు తర్వాత పోసిన కాంక్రీటుతో వచ్చేది వేరే తలనొప్పి, అది నోటీసు దాకా వెళుతుంది. కాబట్టి సంగతి తెలిసిన రోజే పని ఆపండి. క్యూరింగ్ నీళ్లు పట్టుకోవచ్చు, పైకి వదిలిన చువ్వలకి కవర్లు చుట్టుకోవచ్చు, సామాను లోపల పెట్టి తాళం వేసుకోవచ్చు. కొత్తగా ఒక వరస ఇటుక కూడా పెట్టకండి. రెడీమిక్స్ అడ్వాన్స్ పోతుందా, పోనివ్వండి.

ఇప్పుడు కాగితం తీయండి. చాలామంది దగ్గర ప్లాన్ ఉంటుంది, గోడకి అంటించి కూడా ఉంటుంది, ప్రొసీడింగ్స్, అంటే పర్మిషన్ ఇస్తూ ఆఫీసు ఇచ్చిన ఉత్తర్వు, మాత్రం ఎక్కడో ఫైల్‌లో పడి ఉంటాయి. మీకు కావాల్సింది ప్రొసీడింగ్స్. మొదటి పేజీలోనే పని ఏ తేదీలోపు మొదలుపెట్టాలి, ఏ తేదీలోపు పూర్తి చేయాలి అని రెండు గడులు ఉంటాయి. మామూలు ఇళ్లకి పూర్తి చేసే గడువు సాధారణంగా 3 ఏళ్లు, హైరైజ్‌కి ఇంకా ఎక్కువ. కానీ నెట్‌లో చదివిందీ, నేను చెప్పిందీ కాదు, మీ కాగితం మీద ఏ తేదీ ఉందో అదే లెక్క. కింద షరతుల జాబితా కూడా ఒకసారి ఓపిగ్గా చదవండి. పని మొదలుపెట్టే ముందు కమెన్స్‌మెంట్ నోటీసు ఇవ్వాలి, పూర్తయ్యాక కంప్లీషన్ నోటీసు ఇచ్చి ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, ఇంట్లో చేరడానికి ఇచ్చే అనుమతి) తీసుకోవాలి అని రాసి ఉంటుంది. ఆ మొదటి నోటీసు మీరు ఇచ్చారా? ఇచ్చి ఉంటే దాని రసీదు ఇప్పుడు బంగారం. పని గడువులోనే మొదలైందని చెప్పే మొదటి సాక్ష్యం అదే. నేను ఇవ్వలేదు. మా ప్లాన్ గీసినాయన "అదంతా ఎవరూ ఇవ్వరండీ" అన్నాడు, నేను సరే అన్నాను.

కాగితం దొరక్కపోతే పర్మిషన్ నంబరుతో ఆన్‌లైన్‌లో వెతకొచ్చు. మరీ పాత ఫైలైతే ఆఫీసులో రికార్డు నుంచి కాపీ అడగాలి. మాటలతో అడిగితే రేపు రండి అంటారు, సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో అర్జీ పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. గొడవ పెట్టుకున్నట్టు ఏమీ ఉండదు, లోపలి గుమాస్తాలకి కూడా వెతకడానికి ఒక కారణం దొరుకుతుంది.

ఇక దారి ఏదన్నది మీ స్థలంలో ఇవాళ ఏముందన్న దాన్ని బట్టి ఉంటుంది.

పునాది కూడా తీయలేదనుకోండి, పాత పర్మిషన్‌ని బతికించాలని తాపత్రయపడకండి. కొత్తగా అప్లై చేసేయండి. తెలంగాణలో 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం తర్వాత చిన్న ఇళ్లకి ఇది నిజంగానే తేలికైంది: 75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు దాకా ఒక్క రూపాయితో ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుంటే సరిపోతుంది, 600 గజాల దాకా 10 మీటర్ల ఎత్తు వరకూ సెల్ఫ్ సర్టిఫికేషన్ మీద, అంటే వివరాలన్నీ నిజమని మీరే రాసిచ్చిన హామీ మీద, వెంటనే పర్మిషన్. 2025 నుంచి బిల్డ్‌నౌ అనే కొత్త పోర్టల్ వచ్చింది. ఏపీలోనూ 2025లో సెల్ఫ్ సర్టిఫికేషన్ పద్ధతి తెచ్చారు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, సెల్ఫ్ సర్టిఫికేషన్ అంటే తప్పు చెబితే తప్పు మీదే. సగం కట్టిన ఇల్లు ఉంచుకుని ఖాళీ స్థలం అని చూపించి వెంటనే వచ్చే పర్మిషన్ కొట్టేద్దాం అని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. తర్వాత తనిఖీకి వచ్చి చూస్తారు, అప్పుడు ఉన్న పర్మిషన్ కూడా పోతుంది.

మొత్తం కట్టేశారు, చేరిపోయారు, ఓసీ మాత్రం తీసుకోలేదు, గడువు ఎప్పుడో పోయింది అనుకుంటే అది వేరే కథ. అక్కడ మీరు చూపించాల్సింది గడువులోపే పూర్తయిందని. ఇంటి పన్ను ఎప్పటి నుంచి పడింది, కరెంటు మీటరు ఎప్పుడు వచ్చింది, ఇవన్నీ పెట్టి కంప్లీషన్ నోటీసుతో ఓసీకి అడగాలి.

ఎక్కువమందిది నాలాంటి కేసు, సగంలో ఆగింది. దీనికి అడగాల్సింది రీవాలిడేషన్, మన భాషలో రెన్యువల్. గడువు ఇంకా ఉండగానే అడిగితే పని చాలా సులువు. ఇది చదువుతున్నవాళ్లలో ఇంకా రెండు మూడు నెలల గడువున్న అదృష్టవంతులెవరైనా ఉంటే ఈ వారమే ఫైల్ పెట్టేయండి. దాటాక అడిగితే పొడిగిస్తారా, కొత్తగా వేయమంటారా అన్నది మీ ఊరి ఆఫీసు, మీ ఫైలు, ఎన్ని నెలలు దాటింది, ఎంత కట్టారు అన్న వాటి మీద ఉంటుంది. అందుకే నేరుగా అప్లికేషన్ కొట్టేయకుండా ముందు టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో టీపీబీఓనో (బిల్డింగ్ ఓవర్సీర్) ఏసీపీనో (అసిస్టెంట్ సిటీ ప్లానర్) కలిసి, ఫొటోలు చూపించి, ఏ రూట్‌లో వేయమంటారు అని అడగండి. తప్పు రూట్‌లో వేస్తే షార్ట్‌ఫాల్ అని, అంటే ఫలానాది తక్కువైందని, ఒక లెటర్ వస్తుంది, దానికి జవాబిస్తే ఇంకో షార్ట్‌ఫాల్, అలా నెలలు పోతాయి.

సాక్ష్యాలు పోగేయడం

ఇక్కడే కాస్త కష్టపడాలి. "గడువు తేదీ నాటికి ఇంత కట్టాను" అని నోటితో చెబితే చాలదు. నేను ఒక ఆదివారమంతా కూర్చుని ఏరాను. ఫోన్ గ్యాలరీలో కింద స్లాబ్ పోసిన రోజు ఫొటోలు దొరికాయి, మా అమ్మ కొబ్బరికాయ కొడుతున్న ఫొటో, వెనకాల సెంట్రింగ్ కర్రలు కనిపిస్తూ, తేదీతో సహా. ఫైల్‌కి అదే బాగా పనికొచ్చిందంటే నమ్ముతారా? వాట్సాప్‌లో వచ్చిన కాపీ కాదు, ఒరిజినల్ ఫొటో కావాలి, అందులోనే తేదీ ఉంటుంది. తర్వాత సిమెంటు, స్టీలు జీఎస్టీ బిల్లులు, రెడీమిక్స్ చలాన్లు, కన్‌స్ట్రక్షన్ కోసం తీసుకున్న టెంపరరీ మీటరు బిల్లులు. లోన్ ఉంటే బ్యాంకు ఏ దశకి ఎంత విడుదల చేసిందో చెప్పే లెటర్ ఇంకా బలంగా ఉంటుంది, ఎందుకంటే వాళ్ల ఇంజనీరు వచ్చి చూసి రాసింది అది. గూగుల్ ఎర్త్ ప్రోలో పాత తేదీల శాటిలైట్ చిత్రాలు చూసే సదుపాయం ఉంది, మీ స్థలం దగ్గరికి వెళ్లి వెనక్కి జరుపుకుంటూ పోతే ఏ ఏడాది స్లాబ్ కనిపిస్తుందో తెలుస్తుంది. దాన్ని ప్రింట్ తీసి పెట్టండి.

ఇవాళ్టి పరిస్థితికి కూడా ఫొటోలు కావాలి. నాలుగు వైపులా సెట్‌బ్యాక్, అంటే ఇంటి చుట్టూ వదిలిన ఖాళీ, కనిపించేలా, గోడకీ కాంపౌండుకీ మధ్య టేపు పెట్టి, అంకె కనిపించేలా తీయండి. లొకేషన్, తేదీ ముద్ర పడే కెమెరా యాప్ వాడితే మంచిది.

తర్వాత ఎల్‌టీపీ, అంటే లైసెన్సు ఉన్న ఇంజనీరు లేదా ఆర్కిటెక్టు. ఫైల్ సాధారణంగా వాళ్ల లాగిన్ నుంచే వెళుతుంది. పాత ఎల్‌టీపీ ఉంటే ఆయన దగ్గరికే వెళ్లండి, మారుస్తున్నట్టయితే పాతాయన సమ్మతి కావాలి, ఆఫీసుకి తెలియజేయాలి, ఇది కూడా ప్రొసీడింగ్స్ షరతుల్లో ఉన్నదే. మా పాతాయన లైసెన్సు రెన్యువల్ చేసుకోలేదు, నా పర్మిషన్ లాగే. ఆయన దగ్గర సమ్మతి పత్రం రాయించుకోవడానికే రెండు వారాలు పట్టింది, ఫోన్ ఎత్తడు, ఎత్తితే సైట్‌లో ఉన్నా అంటాడు. కొత్త ఎల్‌టీపీ వచ్చి కొలతలు తీసి, ఎంతవరకు పూర్తయింది, ప్లాన్‌కి తేడా ఉందా అని రాసి సంతకం పెడతాడు. ఈ కొలతలప్పుడు మీరు పక్కన ఉండండి.

ఎందుకంటే తేడా ఉంటుంది. వాస్తు అనో, మెట్లు ఇరుకయ్యాయనో, మేస్త్రి దారం కొంచెం జరిపాడనో, ఎక్కడో జానెడు ఇవతలికి వచ్చి ఉంటుంది. దాచకండి. తెలంగాణలో నడుస్తున్న 2012 నాటి జీవో 168 బిల్డింగ్ రూల్స్ ప్రకారం ముందు వైపు తప్ప మిగతా సెట్‌బ్యాక్‌లలో 10 శాతం దాకా తేడాని ఓసీ సమయంలో జరిమానా కట్టించుకుని సరిచేసే వీలుంది. ఆ జరిమానా చిన్నదేం కాదు, తేడా వచ్చిన ఫ్లోర్ ఏరియా మేరకు రిజిస్ట్రేషన్ శాఖ లెక్కలో భూమి విలువ ఎంతో అంత. పైన ప్లాన్‌లో లేని గది గానీ పెంట్‌హౌస్ గానీ లేచి ఉంటే ఈ దారిలో కుదరదు. బీఆర్‌ఎస్ (బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీమ్), బీపీఎస్ (బిల్డింగ్ పీనలైజేషన్ స్కీమ్) లాంటి క్రమబద్ధీకరణ స్కీములు వస్తాయిలే అని కూర్చునేవాళ్లకి ఒక మాట: వాటికి కటాఫ్ తేదీ ఉంటుంది, ఆ తేదీకి ముందు కట్టినవాటికే వర్తిస్తాయి. తెలంగాణ బీఆర్‌ఎస్ 2015 నాటిది, అప్పట్లో కట్టిన డబ్బులతో కోర్టు వ్యవహారాల్లో చిక్కుకున్నవాళ్లు నాకు తెలుసు.

కొత్తగా అప్లై చేయాల్సి వస్తే ఇంకో చిక్కు ఉంది. కొత్త అప్లికేషన్‌ని ఇవాళ్టి రూల్స్‌తో చూస్తారు, మీరు కట్టింది నిన్నటి రూల్స్‌తో. అప్పుడు మీ ముందు రోడ్డు 30 అడుగులు, ఈలోపు మాస్టర్ ప్లాన్‌లో 40 అడుగులని పడితే ముందు భాగం కొంత రోడ్డుకి వదలాలంటారు. అక్కడ మీ పిల్లర్ ఉంటే? అందుకే మొదట్లోనే పాత పర్మిషన్ గడువులో పడిన పిల్లర్లని సాక్ష్యాలతో నిరూపించుకోవాలని అంత గట్టిగా చెప్పాను. లేఅవుట్ అనుమతి లేని ప్లాటైతే ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ) కాగితం, లేఅవుట్‌లో పార్కుల్లాంటి వాటికి జాగా వదలనందుకు వేసే ఓపెన్ స్పేస్ ఛార్జీలు అడుగుతారు. పాతప్పుడు కట్టి ఉంటే ఆ రసీదు చూపించండి, రెండోసారి కట్టకండి. నిర్మాణ ఖర్చు మీద వేసే లేబర్ సెస్ 1 శాతం కూడా అంతే.

బకాయిల దగ్గర నేను బోల్తా పడ్డాను. ఇల్లు మొదలుపెట్టాం కదా, ఇక ఖాళీ స్థలం పన్ను ఎందుకు అని కట్టడం మానేశాను. ఇంటికి పన్ను లెక్క కట్టేదాకా ఖాళీ స్థలం పన్ను నడుస్తూనే ఉంటుందట. నెలకి 2 శాతం వడ్డీతో సహా కట్టించుకున్నాక గానీ ఫైల్ కదల్లేదు. మొత్తం నాకు ఏడు వారాలు పట్టింది, అందులో నిజమైన ఆఫీసు పని పది రోజులే ఉంటుంది, మిగతాది నా కాగితాలు నేను వెతుక్కోవడమే.

మధ్యలో ఒకాయన తగిలాడు, ఆఫీసు బయట జిరాక్స్ షాపు దగ్గర. నలభై వేలిస్తే పాత తేదీతో రెన్యువల్ తెప్పిస్తానన్నాడు. పాత తేదీతో ఆన్‌లైన్‌లో ఏదీ రాదు, వచ్చిందంటే అది దొంగ కాగితం. దొంగ పత్రాలని తేలితే పర్మిషన్ రద్దు చేస్తామని ప్రొసీడింగ్స్‌లో రెండో మూడో షరతే చెబుతుంది.

ఇప్పటికే నోటీసు వచ్చి ఉంటే

కంగారు పడకండి, అలాగని బీరువాలో పెట్టి మర్చిపోకండి. నోటీసులో ఎన్ని రోజులిచ్చారో చూసి ఆలోపే రాతపూర్వకంగా జవాబివ్వండి, ఆఫీసులో అందినట్టు ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోండి. పర్మిషన్ నంబరు, గడువు తేదీ, ఆ నాటికి పూర్తయిన పని, పని ఆపేసిన తేదీ, రీవాలిడేషన్‌కి పెట్టిన అప్లికేషన్ నంబరు, ఇంతే రాయాలి. కష్టాల కథ రెండు లైన్లు చాలు. 2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం కూల్చివేతకి ముందు కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలి. రోడ్డు మీదో చెరువులోనో కట్టినవాటికి ఆ రక్షణ లేదు. మీ జవాబు ఇన్‌వార్డ్ అయి ఉంటే, పని నిజంగా ఆపి ఉంటే, మాట్లాడుకోవడానికి దారి ఉంటుంది. పని ఆపేశామని రాసి రాత్రిళ్లు ఇటుక కట్టినవాళ్లని ఎవరూ కాపాడలేరు, పక్కింటివాళ్లే ఫొటోలు తీసి పంపుతారు.

పంచాయతీ పర్మిషన్‌తో మొదలుపెట్టినవాళ్లు ముందు ఇప్పుడు మీ ఊరు ఎవరి కింద ఉందో కనుక్కోండి. ఔటర్ చుట్టుపక్కల పంచాయతీలు మున్సిపాలిటీలయ్యాయి, 2025 చివర్లో 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లు జీహెచ్‌ఎంసీలో కలిశాయి. మీ పాత ఫైల్ ఏ ఆఫీసు బీరువాలో ఉందో వెతకడమే సగం పని కావచ్చు.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి ఇక్కడ ఇల్లు మొదలుపెట్టి ఆపేసినవాళ్లకి: తమ్ముడో బావమరిదో తిరగాలంటే పవర్ ఆఫ్ అటార్నీ కావాలి. అక్కడ కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పంపితే సరిపోయిందనుకోకండి, ఇండియాకి వచ్చిన 3 నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. పర్మిషన్ నాన్నగారి పేరు మీద ఉండి ఆయన పోయి ఉంటే వారసుల కాగితం, మ్యుటేషన్ ముందు పూర్తి చేసుకుని తర్వాత రీవాలిడేషన్‌కి వెళ్లండి. చనిపోయినవాళ్ల పేరుతో సంతకం పెట్టి పంపేవాళ్లు కూడా ఉన్నారు, అది ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా?

లోన్ ఉన్నవాళ్లకి ఇంకో గడియారం నడుస్తుంటుంది. పాత పన్ను విధానంలో సొంతింటి వడ్డీకి 2 లక్షల దాకా మినహాయింపు రావాలంటే, లోన్ తీసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిసినప్పటి నుంచి 5 ఏళ్లలో ఇల్లు పూర్తవ్వాలి. లేకపోతే అది 30 వేలకి పడిపోతుంది. గడువు తీరిన పర్మిషన్ మీద బ్యాంకు తర్వాతి విడత ఆపేస్తే ఈ రెండూ కలిసి మీద పడతాయి, కాబట్టి రీవాలిడేషన్‌కి పెట్టగానే ఆ అక్నాలెడ్జ్‌మెంట్ కాపీ బ్యాంకుకి ఇచ్చి ఉంచండి.

కాగితం వచ్చాక ఆ ఆనందంలో వెంటనే స్లాబ్ పోసేయకండి. రెండేళ్లు వానలో నానిన చువ్వలు ఎలా ఉంటాయో మాకు తెలిసొచ్చింది. మేస్త్రి వైర్ బ్రష్‌తో గీకితే మా పిల్లర్లలో చాలావాటికి పైపొర తుప్పు మాత్రమే, లోపల గట్టిగా ఉంది. ఈశాన్యం మూల పిల్లర్ దగ్గర మాత్రం నీళ్లు నిలిచి, చువ్వ పొరలు పొరలుగా లేచి, చేత్తో నలిపితే రాలింది. స్ట్రక్చరల్ ఇంజనీరు వచ్చి అక్కడ కొంత కాంక్రీటు కొట్టించి కొత్త స్టీల్ కలిపించాడు. పన్నెండు వేలు అయ్యింది. చువ్వలు బయటికి ఉండగా పని ఆపాల్సి వస్తే సిమెంటు పాలు పూసి కవర్ చుట్టించండి, ఒక కూలీ ఒక పూట పని.

రీవాలిడేషన్ కాగితం మీద కొత్త తేదీ ఉంటుంది. ఆ తేదీకి ఆరు నెలల ముందు ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి, మీ ఒక్కరి ఫోన్‌లోనే కాదు, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కూడా. సైట్‌లో ప్లాన్ పక్కన కొత్త ప్రొసీడింగ్స్ ప్రింట్ కూడా అంటించండి, ఈసారి తనిఖీకి వచ్చినవాళ్లు గోడ మీదే చూసుకుని వెళతారు. రంగులు అయిపోయిన వారంలోనే కంప్లీషన్ నోటీసు పెట్టి ఓసీకి వెళ్లండి. ఓసీ లేని ఇంటికి కరెంటు, నీళ్ల రెగ్యులర్ కనెక్షన్ ఇవ్వకపోవడం, లేదా మూడింతల టారిఫ్ వేయడం రూల్స్‌లోనే రాసి ఉంది, పర్మిషన్ సమయంలో 10 శాతం ఏరియా మున్సిపాలిటీకి తాకట్టు పెట్టి ఉంటే అది విడిపించుకోవడానికీ ఓసీయే కావాలి. మా టెంపరరీ మీటరు తీసేసి మామూలు మీటరు పెట్టింది ఓసీ చేతికొచ్చిన పదకొండో రోజున.